ప్రదర్శనశాలయు, ప్రదక్షిణమును
చెన్నపురి అమరావతి శిల్పములను గూర్చి యొక విమర్శ

చెన్నపట్టణపు సామాన్యజనులు ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రదర్శనశాలకు అరవమున "సెత్త కాలేజి" యనియు, జంతుప్రదర్శనశాలకు "ఉయిర్ కాలేజి" యనియు పేరులు పెట్టుకొనిరి. మొదటిది చచ్చినవాని కాలేజి, రెండవది ప్రాణమున్నవాని కాలేజి. ఈ ప్రదర్శనశాల 1851వ సంవత్సరమున సెయింట్ జార్జి కోట కళాశాలలో ఆరంభమైనందున "కాలేజి" యను మాట దాని నంటుకొనెను. 1854లో అది పాంథియన్ తోటకు తరలిపోయిన పిదపకూడ ఆ మాట వదలలేదు. ఆ కళాశాలతో మన భాషకొక చుట్టరికము కలదని ఇచ్చట ప్రసంగవశమున చెప్పవచ్చును. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదని వాదించుచు ఎల్లిస్ దొర 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు పీఠిక వ్రాసినది ఆ కళాశాల సంబంధముననే.

జనులు పెట్టిన పేరులో పరిహాసముతోపాటు ఒక తీర్పుకూడ నున్నది. లోపలనున్నవి చచ్చినవి, వానిని చూచి రావలెనేగాని వానితో మనకు మాటలు లేవు. అమరావతి మహాచైత్యపు శిలాఫలకములు ఈ "చచ్చిన కాలేజి"లోనే యున్నవి. తెలుగుగడ్డపై చెక్కబడిన రాళ్లలో అంతటి పేరుగాంచినవి, తెలుగుగడ్డ వెలుపల నున్న మన పిల్లలకు బస్సు ఛార్జీతో అందుబాటులో నున్నవి. అయినను మన కుటుంబములలో ఎందఱు వానియెదుట పది నిమిషములు నిలిచినారు? ఈ ప్రశ్నను మనస్సునం దుంచుకొని, నేడు ప్రదర్శనశాలలలో విస్తరించుచున్న యొక నూతన పద్ధతిని పరీక్షింపదలచితిని. కళను, ప్రకృతిని, చిత్తశాంతిని ఒక్కచోట చేర్చి సందర్శకునకు అందింపవలెనను ఉద్యమ మది.

ఈ ఉద్యమమునకు కారణము లేకపోలేదు. ప్రదర్శనశాలలో మనుష్యుడు అలసిపోవును. బోస్టను లలితకళా ప్రదర్శనశాలకు చెందిన గిల్మన్ అను నతడు 1916లోనే దీనిని గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. అద్దపు పెట్టెలలోని వస్తువులను చూచుటకు సందర్శకుడు ఎట్లు నడుము వంచవలసి వచ్చునో, ఎట్లు గొంతుకూర్చుండవలసి వచ్చునో ఛాయాచిత్రములతో చూపి, ఈ శ్రమను "మ్యూజియపు అలసట" యని పేర్కొనెను. 2001లో ప్రకటితమైన మఱియొక పరిశోధన న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో జరిగినది. ప్రసిద్ధములైన చిత్రములయెదుట సందర్శకులు నిలుచు కాలమును కొలిచి చూడగా సగటున 27 సెకండ్లు తేలినది. సగముమంది 17 సెకండ్లకంటె ఎక్కువ నిలువలేదు. మన యూరిలోని సంగతి ఇంతకంటె మెఱుగుగా నుండునని నేననుకొనను.

ఈ తొందరకు విరుగుడుగా పలువురు పలు ఉపాయములు చేసిరి. 2010 నుండి "స్లో ఆర్ట్ డే" యను పేర ఏటేట ఒక దినమున అనేక దేశములలో సందర్శకులు అయిదు కళాఖండములను మాత్రమే ఎంచుకొని, ఒక్కొక్కదానియెదుట పది నిమిషములు నిలిచి, పిమ్మట కూర్చుండి మాటలాడుకొనుచున్నారు. 2018లో కెనడాలోని మాంట్రియల్ లలితకళా ప్రదర్శనశాలయు, అచ్చటి ఫ్రెంచి వైద్యుల సంఘమును కలిసి, రోగికి మందుచీటి వ్రాసినట్లే ప్రదర్శనశాల సందర్శనమును వ్రాసియిచ్చు ఏర్పాటు చేసిరి. న్యూయార్కులోని రూబిన్ ప్రదర్శనశాల 2024 అక్టోబరులో తన భవనమును మూసివేసినది గాని, అంతకుముందు అనేక సంవత్సరములు హిమాలయ ప్రాంతపు కళాఖండమునొకదానిని ముందు వివరించి, పిదప దాని భావమును పట్టుకొని ధ్యానము చేయించు కూటములు నడిపినది. వీనిలో మొదటిది నాకు మిక్కిలి నచ్చినది. ఏలయన దానికి పరికరము లక్కఱలేదు, గురువు లక్కఱలేదు, కుర్చీ యొకటి చాలును. మందుచీటి సంగతి వైద్యులే చెప్పవలెను. మూడవదానియందు వివరణము ముందు, ధ్యానము తరువాత అను వరుస గమనింపదగినది. దానిని మరల ప్రస్తావింతును.

ఇంగ్లీషున మైండ్‌ఫుల్‌నెస్ అను మాట ఈ కార్యక్రమములన్నింటికి మకుటము. మూలమున నది పాళీ భాషలోని "సతి", సంస్కృతమున "స్మృతి". తెలుగున దీనికి క్రొత్తమాట కల్పింప నక్కఱలేదు. "ఏమఱుపాటు" అను మాట మనకున్నది. ఏమఱకుండుటయే ఈ గుణము. పొయ్యిమీద పాలున్నప్పుడు ఇల్లాలు ఏమఱదు; ఏరు దాటువాడు అడుగువేయుచోట ఏమఱడు. ఈ రెండు సందర్భములందును కన్నులు తెఱచియే యుండును. సతిపట్ఠాన సుత్తమున సైతము కూర్చుండి శ్వాసను గమనించుటతో బోధ ముగియలేదు. నడచుచున్నప్పుడు, నిలిచియున్నప్పుడు, పండుకొన్నప్పుడు, చేయి చాచునప్పుడు, ముడుచునప్పుడు ఎఱుకతో నుండవలెనని యున్నది. కావున ఏమఱకుండుటయనగా కన్నులు మూసికొని లోపలికి పోవుట యొక్కటే యను తలంపు ఆ మూలగ్రంథమునకు సరిపడదు.

ఈ మాట ఎందుకు చెప్పవలసివచ్చెననగా: కొలది సంవత్సరములక్రిందట ఒక ప్రదర్శనశాలలో (దాని పేరిచ్చట అవసరము లేదు) ఇట్టి కార్యక్రమమున కొకదానికి పోయి కూర్చుంటిని. ఒక ప్రాచీన బుద్ధవిగ్రహము నెదుట చాపలు పఱచి ముప్పదిమందిని కూర్చుండబెట్టిరి. నడిపించువారు చిన్న గంట మ్రోగించి అందఱిని కన్నులు మూయుమనిరి. ఇరువది నిమిషములు శ్వాసను లెక్కించితిమి. మరల గంట మ్రోగినది. అప్పుడు ఎవరి మనస్సెట్లున్నదో చెప్పుమనిరి. అందఱును హాయిగా నున్నదనిరి. ఒక పెద్దమనిషి మాత్రము, "ఈ విగ్రహము ఏ ఊరిదండీ?" అని అడిగెను. "ఇప్పుడు సమాచారము వద్దు, అనుభూతి చాలును" అని వారు బదులు చెప్పిరి. ఆ పెద్దమనిషి అడిగినదే ఆనాటి సభలో విగ్రహమునకు సంబంధించిన ఒకే యొక మాట. ఆ హాయి నిజమైనదే కావచ్చును. కాని ఆ హాయికి ఆ విగ్రహమే కావలెనా? గోడయైనను చాలును, తోటలో చెట్టుక్రింద నైనను చాలును. శిల్పిచేతి పనిని తెరవలె వెనుక నిలిపి, దానియెదుట కన్నులు మూయుమని చెప్పుట కళాదర్శనమెట్లగును?

ఇది ఇట్లుండగా, అమరావతి చైత్యము తనంతట తానే ఒక దర్శనక్రమమును పెట్టుకొని యుండెను. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమునుండి క్రీస్తుశకము మూడవ శతాబ్దమువఱకు క్రమక్రమముగా పెరిగిన ఈ చైత్యము ఇంచుమించు 50 మీటర్ల వ్యాసము కలది. దాని చుట్టును నిలువు స్తంభములు, అడ్డసూచులు, పై దూలములు గల శిలాప్రాకారము. ఆ ప్రాకారమునకును చైత్యమునకును నడుమ ప్రదక్షిణపథము. యాత్రికుడు దూరమునుండి వచ్చునప్పుడు మొదట కనబడునది ప్రాకారపు వెలుపలి ముఖము. దానిపై కథలు లేవు. విప్పారిన పద్మములు స్తంభమున కొకటిగా, సూచి కొకటిగా నుండెను. పైన, తలకంటె ఎత్తున, పొడుగాటి పూలదండను భుజములపై మోయు మనుష్యుల వరుస. ఆ దండ అలవలె లేచుచు, దిగుచు సాగిపోవును. దుమ్ముకొట్టుకొని, కాళ్లు నొచ్చి వచ్చిన మనుష్యునకు ముందుగా చూపవలసిన వేమో ఆ శిల్పులకు తెలియును. ఒక్క పువ్వు, మరల అదే పువ్వు, మరల అదే పువ్వు. చదువవలసినది లేదు, తెలియవలసినది లేదు. చూపు నెమ్మదించును.

పిమ్మట ద్వారమున లోపలికి ప్రవేశించి, చైత్యము తన కుడిచేతివైపున నుండునట్లు ఎడమకు తిరుగును. అప్పుడు ప్రాకారపు లోపలి ముఖము కనబడును. వెలుపల పద్మమున్న స్తంభమునకే లోపల, ఆ పద్మమంత వలయములోనే, ఒక కథ. జాతకకథలు, బుద్ధుని జీవితఘట్టములు, రాజులు, వర్తకులు, నాగులు, ఏనుగులు. ఎడమవైపున కథలు, కుడివైపున చైత్యము, నడుమ నడక. నాలుగు దిక్కులందును ముందుకు పొడుచుకొని వచ్చిన ఆయక వేదికలు. ఒక్కొక్కదానిపై అయిదేసి స్తంభములు. జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్రప్రవర్తనము, పరినిర్వాణము అను అయిదింటికి అవి గుర్తులు. అనగా నడక నాలుగుచోట్ల తనంతట ఆగును. ప్రకృతి మొదట, కథ తరువాత, నడక ఎల్లప్పుడు, విరామము నియమితముగా: కళను, ప్రకృతిని, చిత్తమును కలుపు కార్యక్రమమని నేడు మనము దేనిని పిలుచుచున్నామో అది ఆ కట్టడపు ఆకృతిలోనే యున్నది. అందు ఎవ్వరును గంట మ్రోగింప నక్కఱలేదు.

ఈ క్రమము ఎట్లు చెదరిపోయెనో సంక్షేపముగా చెప్పుదును. పద్దెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతి పట్టణమును నిర్మించునప్పుడు ఇటుకకును రాతికిని ఆ దిబ్బను త్రవ్వించిరి. కల్నల్ మెకంజీ దానిని చూచి, 1816లో తిరిగి వచ్చి కొలతలు, చిత్రములు తీయించెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన రాళ్లు చెన్నపట్టణము చేరి, కొంతకాలము ఎండకును వానకును బయటనే పడియుండెను. 1859లో వానిలో 121 ఖండములు లండనుకు పోయినవి. అచ్చటను కొన్నియేండ్లు ఒక బండ్లశాలలో నుండి, ఫెర్గుసన్ కంటబడి వెలికివచ్చి, 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. తరువాత సూయెల్, బర్జెస్, రీ వరుసగా త్రవ్విరి. రాళ్లను అచ్చటనే యుంచి రక్షింపవలెనని 1880ల ఆరంభమున కోల్ అను అధికారి వాదించెను గాని ఆ వాదము నెగ్గలేదు. చెన్నపట్టణము చేరిన ఫలకములలో పెక్కింటిని ఆ శతాబ్దాంతమున గోడలలో పొదిగిరి. 1942లో శివరామమూర్తిగారు ఈ శిల్పములపై వెలువరించిన గ్రంథము నేటికిని విద్యార్థులకు దారిదీపము. కాని గ్రంథము రాతిని గోడనుండి విడదీయజాలదు.

గోడలో పొదుగుటవలన కలిగిన నష్టము రాతికిమాత్రమే యని తలంపరాదు. రెండు ముఖములు గల స్తంభమును గోడకు చేర్చి నిలిపినచో ఒక ముఖము పోయినట్లే. పద్మమున్నచో కథ కానరాదు, కథ యున్నచో పద్మము కానరాదు. వెలుపలినుండి లోపలికి పోవుట యను అనుభవమే లోపించును. వలయముగా నుండినది వరుసయైనది. యాత్రికుడు రాళ్లచుట్టు తిరిగెను. ఇప్పుడు రాళ్లు సందర్శకుని చుట్టు నిలిచి, అన్నియు ఒక్కసారిగా వాని మీదికి వచ్చుచున్నవి. గిల్మన్ చెప్పిన అలసట ఇక్కడ నడుమునకంటె ముందు కన్నులకు తగులును. లండనులో అద్దములవెనుక, శీతలమైన గాలిలో, మంచి వెలుతురులో ఆ రాళ్లు భద్రముగా నున్నవి. అచ్చటను నడక లేదు.

ప్రకృతి విషయమునకు వత్తము. చెన్నపురి ప్రదర్శనశాల మొదటి అధికారి ఎడ్వర్డు బాల్ఫర్ వృత్తిచే శస్త్రవైద్యుడు. చెట్లకును వానకును గల సంబంధమును గూర్చి 1849లోనే వ్రాసినవాడు. ప్రాణమున్న మృగములను చూచుటకే జనులు విరగబడుచుండుట గమనించి, 1855లో ప్రదర్శనశాల ఆవరణలోనే జంతుశాలను పెట్టెను. స్వల్పకాలమున మూడువందలకు పైగా ప్రాణులు చేరినవి. తరువాత అవి పీపుల్స్ పార్కునకును, 1985లో వండలూరునకును పోయినవి. "చచ్చిన కాలేజి", "ప్రాణమున్న కాలేజి" యని రెండు పేరులు పుట్టుటకు ఈ వేర్పాటే కారణము. బాల్ఫర్ కాలమున రెండును ఒకే ఆవరణమున నుండెను. చిఱుతపులిని చూడవచ్చినవాడు రాళ్లనుగూడ చూచిపోయెను. ఇప్పటికిని ఆ ఆవరణమున జంతుశాస్త్ర విభాగమున్నది. తిమింగిలపు అస్థిపంజరమును, ఏనుగు అస్థిపంజరమును చూచుటకు పిల్లలు పరుగెత్తుదురు. ఉపాధ్యాయులలో కొందఱు వారిని గద్దించి శిల్పములవైపు త్రోలుదురు. ఇది నాకు సరియని తోచదు. ఏనుగును చూడగోరు బాలుడు శిల్పమునకు శత్రువు కాడు.

నాలుగేండ్లక్రిందట మా పాఠశాల తొమ్మిదవ తరగతి పిల్లలను తీసికొనిపోయినప్పుడు నేను చేసినది చెప్పుదును. అమరావతి శాలలో నాలాగిరి వలయమని ప్రసిద్ధమైన యొక ఫలకము కలదు. దానియెదుట పిల్లలను నిలిపి, కథ చెప్పక, అయిదు నిమిషములు మాటలాడక చూడుడని మాత్రము చెప్పితిని. మొదటి నిమిషము నవ్వులు. రెండవ నిమిషము కాళ్లు కదలించుట. మూడవ నిమిషమున ఒక బాలుడు పైమేడలనుండి తొంగిచూచు ముఖములను వ్రేలితో లెక్కింపసాగెను. అయిదు నిమిషములు కాకమునుపే ఒక బాలిక, "టీచర్, ఏనుగులు రెండు కావు టీచర్, ఒకటే!" అని అఱచినది. నియమము తప్పినను నేను కోపపడలేదు. ఏలయన ఆ మాటలోనే ఆ శిల్పపు రహస్యమంతయు నున్నది. ఎడమవైపున పురద్వారమునుండి వెలువడిన మదపుటేనుగు మనుష్యులను త్రొక్కుచు, తొండమున నొకని పట్టి విసరుచున్నది. కుడివైపున అదే ఏనుగు బుద్ధునియెదుట ముందరికాళ్లు మడిచి తలవంచినది. నడుమ గీత లేదు, గోడ లేదు. ఒకే వీథి, ఒకే జనము. భయపడి యొకరినొకరు పట్టుకొన్నవారును, మేడమీద కిటికీలలోనివారును ఆ రెండు ఘట్టములను ఒకేసారి చూచుచున్నట్లుందురు.

ఆ తరువాత కథ చెప్పితిని. దేవదత్తుడు బుద్ధుని చంపింపదలచి ఏనుగునకు కల్లు త్రావించి రాజగృహపు వీథిలోనికి విడిపించుట, బుద్ధుడు మైత్రీభావమున దాని నెదుర్కొనుట. పిల్లలు చూచినదానికి కథ తోడైనది. ముందుగా కథ చెప్పియుండినచో వారు కథకు బొమ్మ యిది యని గుర్తించి కదలిపోయియుందురు. రూబిన్ వారి వరుసను నేనంగీకరింపని దిందుకే: చిన్నవారి విషయమున చూపు ముందు, వివరణము తరువాత. ఇచ్చట మఱియొకటి చెప్పవలెను. ఆ ఫలకపు విషయమే చిత్తశాంతి. ఉన్మత్తమైనది నెమ్మదించుట యెట్లుండునో శిల్పి ఏనుగు మోకాళ్లలో చూపించినాడు. దానియెదుట కన్నులు మూసికొని శాంతిని వెదకుటకంటె వింత మఱేమి కలదు!

అంతటితో ఆగక ఒక బాలుడు, ఏనుగు మోకాలు నిజముగా అట్లు వంగునా యని అడిగెను. సమాధానము నేను చెప్పలేదు. అందఱమును జంతుశాస్త్ర విభాగమునకు పోయి అస్థిపంజరమును చూచితిమి. ఏనుగు ముందరికాలియందు మనము మోకాలనుకొనునది ఎముకల లెక్కలో మణికట్టు. పిల్లలు తమ మణికట్లను వంచి చూచుకొనిరి. మరల శిల్పమువద్దకు వచ్చినప్పుడు ఆ శిల్పి ఏనుగును కంటితో చూచి చెక్కినాడని ఒకరికొకరు చెప్పుకొనిరి. రెండు విభాగములనడుమ మేము నడచిన ఆ నడకయే ఆనాటి పాఠము. ప్రదర్శనశాలవారు పెట్టిన కార్యక్రమ మేదియు అందు లేదు. అట్టిది పెట్టుటకు వారికి ధనవ్యయమును లేదు.

భాషనుగూర్చి చెప్పక తప్పదు. మా పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని బయట అరవము, బడిలో ఇంగ్లీషు. తెలుగు వారికి వారమునకు కొన్ని గంటల పాఠ్యవిషయము. అది ఎక్కడిదో దూరదేశపు భాషయన్నట్లు వారు చూచుట ప్రతిదినము నాకనుభవమే. అట్టి పిల్లలకు ఈ రాళ్లపై చెక్కిన అక్షరములను చూపవలెను. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. కాని మన లిపికి తల్లి యదియే. కూడిక గుర్తువలె నున్న "క"ను చూపి, అదియే వంగి వంగి మన "క" యైనదని చెప్పగానే వారు ప్రతి రాతిమీదను దానికై వెదకుదురు. అక్షరమును వెదకు కన్ను ఏమఱదు. అమరావతి శిలాఖండముపైనున్న "నాగబు" అను మాటను తెలుగు మాటగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించినారని మన గ్రంథములలో చదువుచుందుము. దానినిగూర్చి పండితులలో వాదమున్నను, రాతిమీద తన భాష జాడ నొకదానిని వెదకవచ్చునని పిల్లవానికి తెలియుట చిన్నవిషయము కాదు.

దాతల శాసనములలో విధికుడను చర్మకారునిది నాకు మిక్కిలి ప్రియమైనది. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడా విధికుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకులు కూతుండ్రతో కలిసి పూర్ణఘటమున్న ఫలకము నొకదానిని చైత్యమునకు సమర్పించెను. పంతులుగారి కొడుకు తోలుపని చేయుట, తోలుపనివాని రాయి రాజుల రాళ్లసరసన నిలుచుట, ఇంటిల్లిపాది పేరు దానిపై నుండుట: ఈ మూడింటిలో ఏది పట్టుకొన్నను ఒక తరగతికి సరిపడును. పూర్ణఘటమనగా నిండుకుండ, దానినుండి తామరలు పొంగి వచ్చుచుండును. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన రాష్ట్రచిహ్నమున అమరావతి శైలిని అనుసరించిన పూర్ణఘటమునే నిలిపినది. బంధువుల యింటికి విజయవాడకో నెల్లూరికో పోయివచ్చిన పిల్లలు ప్రభుత్వ కార్యాలయపు పలకలపై దానిని చూచియే యుందురు. అది తోలుపనివాని కానుకలోని బొమ్మయని వారికెవ్వరు చెప్పిరి?

తెలుగునాట జరిగిన ప్రయత్నములతో పోల్చి చూచినచో చెన్నపురి శాల లోటును, బలమును రెండును తెలియును. నాగార్జునసాగరమువద్ద తెలంగాణ ప్రభుత్వము 274 ఎకరములలో నిర్మించి 2022 మే 14న ప్రారంభించిన బుద్ధవనమున, అమరావతి చైత్యపు నమూనాననుసరించి 42 మీటర్ల వ్యాసము, 21 మీటర్ల ఎత్తు గల మహాస్తూపము కలదు. జాతకవనము, ధ్యానవనము వేఱుగా నున్నవి. అచ్చట చెట్లున్నవి, నడక యున్నది, ధ్యానమునకు చోటున్నది. లేనిది ప్రాచీనమైన రాయి. క్రొత్త శిల్పములు శ్రద్ధతో చేసినవే. అయినను ఉలిదెబ్బలో రెండువేలయేండ్లు లేవు. చెన్నపురిలో ఆ రెండువేలయేండ్లు ఉన్నవి, నడక లేదు. ఆనకట్ట నీటిలో మునుగవలసిన కట్టడములను తరలించి, 1966లో ప్రారంభించిన నాగార్జునకొండ ద్వీపపు ప్రదర్శనశాల ఈ రెండింటికి నడిమిది. దానికి పోవుటకు పడవ యెక్కవలెను. ఆ నీటిపై ప్రయాణము, వెలుపలి పద్మముల వరుసవలె, చూడబోవువాని మనస్సును ముందే సిద్ధము చేయును. ఎవరు తలపెట్టిరో గాని అది గొప్ప ఉపాయము. మన చెన్నపట్టణపు వెలుపల ముట్టుకాడువద్ద 1996 నుండి నడచుచున్న దక్షిణచిత్రలో తెలుగునాటి నేతపనివారి యిల్లును, కోస్తాతీరపు గుండ్రని చుట్టిల్లును నిలిపినారు. అచ్చట పిల్లలు మట్టిని చేతబట్టుదురు, చూరుక్రింద వంగి లోపలికి పోవుదురు. శరీరము పనిచేయుచోట మనస్సు పాఱిపోదని అచ్చటికి పోయినవారెవరైన ఒప్పుకొందురు.

నా వాదమున కొక ఆక్షేపణ రావచ్చును. ప్రదక్షిణమును తెచ్చిపెట్టినచో ప్రదర్శనశాల గుడియైపోదా, అన్ని మతములవారి సొమ్ముతో నడచు శాలలో ఇది తగునా అని. చుట్టును నడచుట పూజ కానక్కఱలేదు. వలయముగా చెక్కినదానిని వలయముగా చూచుట దాని వ్యాకరణమును పాటించుట. గ్రంథమును మొదటి పుటనుండి చదువువాడు ఆ గ్రంథకర్త మతమును స్వీకరించినవాడు కాడుగదా. నిజమునకు, గంట మ్రోగించి కన్నులు మూయించు కార్యక్రమమే పూజకు దగ్గఱగా నున్నది. నా కోరిక కేవలము చూపు.

గోడలోని రాళ్లను పెకలించుట మనచేతిలోని పని కాదు. అది నిపుణులు నెమ్మదిగా ఆలోచింపవలసినది, తొందరపడినచో ఉన్న రాయికూడ పోవును. కాని శాల నేలపై ఒక గుండ్రని దారిని రంగుతో గుర్తింపవచ్చును. మొదట పద్మములు, తరువాత పూలదండ, తరువాత నాలాగిరి, తరువాత భిక్షాపాత్రను దేవతలు కొనిపోవు ఫలకము, చివర పూర్ణఘటము: ఇట్లు అయిదింటిని మాత్రమే ఎంచి, ఒక్కొక్కదానియెదుట ఒక బల్ల వేయింపవచ్చును. ప్రతిచోట వివరణము తమిళమునను, తెలుగునను, ఇంగ్లీషునను ఉండి, అదియు రాతి ప్రక్కన కాక బల్ల వెనుక, తిరిగి చూచినప్పుడు మాత్రమే కనబడునట్లుండవలెను. ఏనుగు ఫలకమునుండి జంతుశాస్త్ర విభాగమునకు ఒక బాణపు గుర్తు చాలును.

ఇందులో రంగు, బల్లలు, పలకలు ప్రదర్శనశాలవారి యధీనము. మన సంఘమువారు అర్జీ వ్రాయవచ్చును, వ్రాయవలెను. తక్కినది అర్జీ లేకయే జరుగును. మన బడులు నాలుగైదు కలిసి నెలకొకమాఱు ఇరువదిమంది పిల్లలను, వారితో చదువుకొన్న పెద్దల నిద్దఱిని పంపినచో సంవత్సరమున కొక రెండువందలమంది పిల్లలు ఆ అయిదు రాళ్లను తెలుగున చూచి వత్తురు. మొదటి పర్యాయము నాలాగిరి యొక్కటే చాలును. ప్రదర్శనశాలకు సెలవు శుక్రవారము. శనివారము ఉదయమున, పెద్దబడుల గుంపులు రాకమునుపే, శాల ఖాళీగా నుండును.